లంగరెత్తేశాను

అన్నయ్య భానుప్రకాష్ కార్ నికోబార్ దీవిలో, సముద్రం ముందు వెనక్కి తగ్గి తర్వాత మీదపడిన సునామీకి పోయాక, అతను ఆడే ఆట ఒక్కటే హిమబిందుకి మిగిలింది. అంతరిక్షంలో ఓడలతో చేసే ఆన్‌లైన్ యుద్ధం అది. ఇప్పటికీ అన్నయ్య పేరుతోనే ఆడుతుంది. పడుకునే ముందు ఓడలన్నిటినీ రేవులోంచి బయటికి పంపేయాలి, లేకపోతే నిద్రలో ఉండగా శత్రువు వచ్చి కూల్చేస్తాడు. ఆ పనిని అన్నయ్య "లంగరెత్తడం" అనేవాడు. అలయన్స్‌లో, అంటే ఆటలో వాళ్ళ జట్టులో, మిగతావాళ్ళంతా ఏయే దేశాలవాళ్ళో. వాళ్ళకి ఆ మాట తెలీదు.

ఆ రాత్రి అండమాన్‌లో వాళ్ళ ఊరు బాంబూఫ్లాట్‌లో కరెంటు పోయింది. హిమబిందు లంగరెత్తకుండానే నిద్రపోయింది. కరెంటొచ్చి ఫ్యాను తిరిగిన చప్పుడుకి లేచి, గాభరాగా కంప్యూటర్ పెట్టింది.

రేవు ఖాళీగా ఉంది. దాడేమీ జరగలేదు. ఓడల్ని ఎవరో ముందే బయటికి పంపేశారు. పాస్‌వర్డ్ తనకి కాక అన్నయ్యకొక్కడికే తెలుసు.

అలయన్స్ చాట్‌లో, అన్నయ్య పేరు మీద, ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు కనిపించింది.

"లంగరెత్తేశాను బిందూ. అమ్మని లేపు. మీరూ వచ్చేయండి."

ఆమె "ఎక్కడికి" అని కొట్టింది. ఫ్యాను ఆపి, ఇంట్లో ఇంకెవరైనా ఉన్నారేమోనని చెవొగ్గింది. ఇంటి వెనకే సముద్రం. పుట్టినప్పటినుంచీ ఇంటి వెనక గోడకి కెరటాలు తగిలే చప్పుడులోనే నిద్రపోయింది.

మెలకువగా ఉందేమోనని, పక్క గదిలోంచి అమ్మ అక్కడి అలవాటుగా హిందీ కలిపి మెల్లగా పిలిచింది.

"బిందూ, జాగ్ రహీ హై క్యా? కెరటాల చప్పుడు వినపడ్డం లేదేంటే?"