అమ్మ చెప్పిన ఉత్తరాలు

“పంతొమ్మిది వందల డెబ్బై ఎనిమిది, ఆగస్టు పదకొండు. ఆ పూట నువ్వూ మీ అమ్మా తిన్నది మాడిన బంగాళాదుంపలు,” అన్నాడు తండ్రి, ఉత్తరం వైపు చూడకుండానే. “‘మన పొయ్యికి మనకన్నా ఆకలెక్కువ, సగం అదే తినేసింది.’ ఏం మాటమ్మా అది! నా మొదటి హాస్య నవల అక్కడే పుట్టింది.”

కూతురు బల్ల మీది ఉత్తరాల కట్టను నాలుగోసారి సర్దింది. సాయంత్రం నుంచీ ఆమె చేతులు ఒకచోట నిలవడం లేదు.

“వీటిని అచ్చుకివ్వొద్దు నాన్నా.”

“మళ్లీ మొదలెట్టావూ! పొద్దున్నే ప్రచురణకర్త వస్తున్నాడు. అట్ట కూడా అయిపోయింది. మీ అమ్మ పేరు ఇంత లావు అక్షరాల్లో!”

“ఇంటి గుట్టు ఊరందరికీ ఎందుకు?”

“మాడిన దుంపల్లో గుట్టేముందే?”

ఆమెకు నవ్వు రాలేదు. లేచి కిటికీ మూసింది, మళ్లీ తెరిచింది.

అప్పట్లో తండ్రి ఉద్యోగం వంతెనల దగ్గర కొలతలు తీయడం. ఏడాదిలో పది నెలలు ఆయన పరాయి ఊళ్లలోనే. ఆ అద్దె గదుల్లో, ఇంటి నుంచి వారానికొకటి వచ్చే ఈ ఉత్తరాలు చదువుకుంటూనే రచయిత అయ్యాడు. ‘గొప్పవాళ్ల గొప్పలు సరే, చెప్పులెలా విడుస్తారో చూడండి’ అని ఒక దాంట్లో ఉంటే, ఓ పడవల కార్ఖానా యజమాని జీవితచరిత్రను గుమ్మం దగ్గర మొదలుపెట్టి పేరు తెచ్చుకున్నాడు. ‘రాజు యుద్ధానికి పోతే ఆయన పిల్లలు ఎవరితో ఆడుకునేవాళ్లో’ అన్న వాక్యం మూడు చారిత్రక నవలలైంది.

“మీ అమ్మకేమో చూపానదు. ఆవిడ చెప్పడం, నువ్వు రాయడం. పదకొండేళ్ల పిల్లవి, ఎంత బుద్ధిగా రాశావే! ఏది రాసినా చేయి తిరిగినవాడని నన్ను మెచ్చుకున్నారు. సొమ్మొకడిది, సోకొకడిది! ఈ ఒక్క పుస్తకమైనా ఆవిడ పేరున రాకపోతే నేను దొంగనే.”

“నాన్నా, అసలు సంగతేమిటంటే...”

“ముందు ఇది విను.” ఆయన చొక్కా జేబులోంచి మడతలు చిరిగిన కాగితం తీశాడు. “‘మీ మీద నాకు కోపం లేదు. ఎప్పుడూ లేదు.’ నేను ఇంటికొస్తే మీ అమ్మ నాతో పట్టుమని పది మాటలు మాట్లాడేది కాదు. ఆవిడ పోయేటప్పుడూ నేను దగ్గర లేను. ఈ ముక్కే లేకపోతే నేనేమైపోయేవాణ్ణమ్మా?”

ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. ఆమె ఆ కాగితం అందుకుని, కట్టలో అన్నిటికన్నా అడుగున పెట్టి దారం ముడివేసింది.

“దీన్ని చివర వేయించు నాన్నా. పుస్తకం ఇక్కడ ఆగితే బాగుంటుంది.”

“అమ్మయ్య, ఒప్పుకున్నావు! ఎంతైనా మీ అమ్మ కూతురివి.”

చాలా రోజుల తర్వాత ఆయన మంచమెక్కీ ఎక్కగానే నిద్రపోయాడు. ఆమె దుప్పటి సరిచేసి, దీపం ఆర్పి, చప్పుడు కాకుండా తలుపు దగ్గరగా వేసింది.

ఆ ఉత్తరాల్లో అమ్మ చెప్పిన మాట ఒక్కటీ లేదు.