ఉడకని బొగ్గు

అది ఆగస్టు పదకొండో తేదీ. ఆ మధ్యాహ్నం డబ్బాలో ఉల్లిపాయ వేసిన గుడ్డు అట్టు ఉంది. బట్టీ మేస్త్రికి ఆ రెండూ ఇప్పటికీ గుర్తే, ఎందుకంటే రెండో ముక్క నోటిదాకా వెళ్లేలోపే ల్యాబ్ నుంచి కబురొచ్చింది.

"మేస్త్రి గారూ, ఇది చూడండి," అంది ల్యాబ్ మేడమ్, గాజు గ్లాసును కిటికీ వెలుగులోకి ఎత్తి.

మేస్త్రి చూశాడు. "నీళ్లు. శుభ్రంగా ఉన్నాయి."

"మళ్లీ చూడండి."

"సాయంత్రం ఎండ పడి కొంచెం గులాబీగా కనబడుతోందంతే."

"ఇప్పుడు ఒంటిగంట."

ఆ కర్మాగారంలో బట్టలకు రంగులద్దుతారు. వాడేసిన రంగు నీళ్లను బొగ్గు నింపిన తొట్లలోంచి పంపుతారు. ఒళ్లంతా కంటికానని చిల్లులున్న ఆ బొగ్గు రంగును పీల్చుకుని నీళ్లను వదిలేస్తుంది. కొన్నాళ్లకు దాని కడుపు నిండిపోతుంది. అప్పుడది మేస్త్రి చేతికొస్తుంది. గాలి చొరబడని తిరుగుడు డ్రమ్ములో ఆవిరి పట్టిస్తూ ఎర్రగా కాలిస్తే, మింగిందంతా కక్కేసి మళ్లీ కొత్త ఆకలితో బయటికొస్తుంది. ఆ బొగ్గులోంచి కాస్త రంగు నీళ్లు పంపి, ఆకలి నిజంగా వచ్చిందో లేదో తేల్చేది ల్యాబ్.

"ఒక విడత ఇప్పటికే తిప్పి పంపారు. ఇది రెండోది," అన్నాడు మేస్త్రి. "మూడోదీ తప్పితే బట్టీ ఆర్పేసి కొత్త బొగ్గే కొంటానంటున్నారు యజమాని. నా మనుషులు ఏమైపోవాలి?"

"తెలుసు."

"మరి ఈ కాస్త గులాబీని చూసీ చూడనట్టు..."

"ఈ నీళ్లు పోయేది కాలువలోకి. చేపలు చూసీ చూడనట్టు ఊరుకుంటాయా?"

"పోనీ, పొరపాటు ఎక్కడుందో చెప్పండి."

"బట్టీ ఎలా నడపాలో ఈ గదిలో నేను చెప్పకూడదు. చెబితే నా సలహాకి నేనే మార్కులు వేసుకున్నట్టుంటుంది." ఆమె కళ్లజోడు పైకి తోసుకుంది. "ఇంకోమాట. ఆ తినేదేదో పూర్తిగా తిని రండి. ఖాళీ కడుపుతో వాదించకండి."

బయట ఫిట్టర్ ఆవిరి గొట్టానికి మర బిగిస్తున్నాడు. "ఏం బావా, మేడమ్ మళ్లీ తలంటిందా?"

"తలంటడమా! కుంకుడు రసం తెచ్చి కళ్లల్లోనే పోసింది."

"ఇంటికెళ్లి మా చెల్లెమ్మతో చెప్పుకో," అని ఫిట్టర్ నవ్వాడు. ఆ మాటకు అవసరమైనదానికన్నా చాలాసేపే నవ్వాడు.

సాయంత్రం బట్టీ పనులు ముగించుకుని మేస్త్రి ఇల్లు చేరేసరికి ఇల్లాలు వంటింట్లో బీన్స్ తరుగుతోంది. ఆ ఇంట్లో ఒక కట్టుబాటు ఉంది. గడప లోపల ఎవరినైనా, ఎంతైనా తిట్టుకోవచ్చు. తిట్టింది గడప దాటకూడదు. విన్నవాళ్లు నొచ్చుకోకూడదు.

"చెప్పండి, ఇవాళెవరు?"

"ఇంకెవరు, ఆ ల్యాబ్ మహాతల్లి!"

"మళ్లీనా?"

"మనిషి కాదే బాబూ. గ్లాసు అలా ఎత్తిందంటే యముడు పాశం ఎత్తినట్టే."

"అంత వికారంగా ఉంటుందా?"

మేస్త్రి నిజాయితీగా ఆలోచించాడు. "వికారమని నేననలేదు. చక్కగానే ఉంటుంది. ఆ నోరే..."

కత్తి ఒక్క క్షణం ఆగింది. "చక్కగా ఉంటుందా?"

"నువ్వడిగావు కాబట్టి చెప్పాను."

"సరేలెండి. నాకో సంగతి చెప్పండి. అన్నం పలుకుగా ఉంటే తప్పు బియ్యానిదా, దించినవాళ్లదా?"

"దించినవాళ్లదే."

"మీరెందుకు తొందరగా దించారు?"

"తొట్లు ఖాళీగా ఉన్నాయని పైనుంచి ఒకటే పోరు. డ్రమ్మును కాస్త జోరుగా తిప్పించాను."

"ఆవిరో?"

"ఎప్పుడూ పెట్టేదే."

"మరి పైపైన ఉడికి, లోపల పచ్చిగా ఉండిపోదూ? నాదేముంది, వంటింటి మాట చెబుతున్నాను."

మేస్త్రి ఒక పచ్చి బీన్స్ ముక్క నోట్లో వేసుకుని చాలాసేపు నమిలాడు.

మూడో విడతకు డ్రమ్మును నత్తనడక నడిపించాడు. ఆవిరిని ఇంకాస్త తెరిపించాడు. పైనుంచి ఎన్ని కబుర్లొచ్చినా పెడచెవిన పెట్టాడు. "ఏం మేస్త్రీ, బొగ్గుకు జోల పాడుతున్నావా?" అని పక్క షెడ్డువాళ్లు వెక్కిరించినా జోరు పెంచలేదు.

పరీక్ష రోజున అతని మనుషులంతా ల్యాబ్ తలుపు దగ్గర గుంపుగా నిలబడ్డారు. ఒకడికి దగ్గొస్తే మరొకడు వాడి నోరు మూశాడు. మేడమ్ గ్లాసు ఎత్తింది. వెనక తెల్ల కాగితం పెట్టి చూసింది. గ్లాసు తిప్పి మళ్లీ చూసింది.

"తొట్లలో నింపుకోండి."

"అంతేనా?" అన్నాడు మేస్త్రి.

"ఇంకేం కావాలి? మేళం పెట్టించాలా?"

ఆ సాయంత్రం మేస్త్రి చెప్పులైనా విప్పకుండా వంటింట్లోకి వచ్చాడు. "పాసైంది! బట్టీ ఆగదు!"

"అయితే మీ యముడు మంచిదేనన్నమాట."

"మంచిదే." కంచం ముందు కూర్చుని అతను గొంతు తగ్గించాడు. "నిజం చెప్పొద్దూ, గులాబీ చుక్కను కూడా వదలని మనిషి ఉంది కాబట్టే నా బొగ్గుకు విలువ. ఆ మాట అక్కడే అందామనుకున్నాను. అందరూ ఉన్నారు, నోరు రాలేదు."

అతను అడగకుండానే ఇల్లాలు ఇంకో గరిటె వడ్డించింది.

తిన్నాక అతను వాలుకుర్చీలో కూర్చుని, ఆ గ్లాసు ఎంత తేటగా ఉందో చెబుతూ చెబుతూనే నిద్రలోకి జారుకున్నాడు. ఆమె అతని పాదాల దాకా దుప్పటి కప్పి, దీపం తగ్గించింది.

తర్వాత కళ్లజోడు పైకి తోసుకుని, ల్యాబ్ మేడమ్ తన ఇంటి వీధి తలుపు చప్పుడు కాకుండా మూసింది.