ఖుద్దూస్ చెయ్యి పడితే

"ఎవరది? బోట్ల ఏం చేస్తున్నవ్?"

ఒడ్డు మీంచి కేక వినపడగానే ఖుద్దూస్ చేతిలోని స్పానర్ జారి బోటు అడుగున పడింది. తల తిప్పి చూస్తే బోటు ఓనరు శశిధర్ పటేల్. గుమ్మడికాయల దొంగ ఎవరని ఎవరూ అడగకముందే ఖుద్దూస్ భుజాలు తడుముకున్నాడు.

"నేనే పటేలా, ఖుద్దూస్‌ను. జర గ్రీజు పెడదామని వచ్చిన."

"నాలుగు దినాల కిందనే గేరు కేబుల్ కొత్తది ఏస్తివి గదా. మల్ల గ్రీజేంది?"

"ఇయ్యాల పిల్లలు ఎక్కుతరు గద పటేలా. ఒకసారి చూస్కుంటే మంచిదని."

శశిధర్ ముఖం విప్పారింది. "గిందుకే నిన్ను పిలిచేది. మెదక్‌ల ఖుద్దూస్ చెయ్యి పడితే మల్ల చూసుకునే పనే ఉండదని అందరికి చెప్తున్న."

ఆ మెప్పు ఖుద్దూస్‌కు చెంపదెబ్బలా తగిలింది. అసలు సంగతి పటేల్‌కేం తెలుసు? రామాయంపేట రోడ్డు మీద ఖుద్దూస్ షెడ్డుకు వచ్చేవన్నీ ట్రాక్టర్లు, ఆటోలు. ఈ ముసలి బోటు ఒక్కటే నీళ్లలో తిరిగే బండి. డ్రైవరు ముందుండే హ్యాండిల్ నుంచి వెనకాల నీళ్లలోని ఫ్యాను దాకా పొడుగాటి కేబుల్ పోతుంది. హ్యాండిల్ ముందుకు తోస్తే బోటు ముందుకు పోవాలి, వెనక్కి లాగితే వెనక్కి. పాత కేబుల్ తుప్పు పట్టి బిగుసుకుపోతే ఖుద్దూస్ కొత్తది వేశాడు. ఒడ్డు మీదే ఇంజన్ వేడెక్కకుండా పైపుతో నీళ్లు పెట్టి, స్టార్టు చేసి, ఫ్యాను రెండు దిక్కులా తిరుగుతోందని చూసి చేతులు దులుపుకున్నాడు. ఏ దిక్కు తిరిగితే బోటు ఎటు పోతుందో నీళ్లలోకి దింపి చూడాలన్న ఆలోచన నేల మీద బండ్లు బాగుచేసేవాడికి రాలేదు.

దేన్నైనా విప్పే ముందు ఫోన్లో ఫోటో తీసుకోవడం అతని అలవాటు. ఈ పొద్దున కూతురు మహీన్, "అబ్బా, ఇయ్యాల మా స్కూలోళ్లం బోటు ఎక్కుతం" అని గంతులేస్తుంటే ఎందుకో ఆ ఫోటో తెరిచి చూశాడు. హ్యాండిల్ డబ్బాలో పాత కేబుల్ కొస పై రంధ్రంలో ఉంది. తను బిగించింది కింది రంధ్రంలో. అంటే అంతా ఉల్టా. ఆపుదామని లాగితే బోటు ముందుకు దూకుతుంది.

తింటున్న రొట్టె పక్కన పెట్టి లేచాడు. ఒక్క ఫోన్ చేసి చెప్తే సరిపోయేది. చెయ్యలేదు. పేరు పోతుందని సిగ్గు. డ్రైవరు ఫిలిప్ డీజిలు కోసం టౌనుకు పోయే వేళ చూసుకుని, సొంతంగా బాగుచేసిన బోటులోకే దొంగలా దూరాడు. కొసను పై రంధ్రంలోకి మార్చాడు. హ్యాండిల్ నడిమధ్యన ఉన్నప్పుడు ఫ్యాను చేతికి వదులుగా తిరిగేదాకా నట్టు సరిచేశాడు. తాళంచెవి ఫిలిప్ దగ్గరుంది కాబట్టి నడిపి చూడటం మాత్రం కుదరలేదు.

"ఫిలిప్ ఏమన్నా చెప్పిండా పటేలా, బోటు ముచ్చట?" అని నసిగాడు.

"మస్తు నడుస్తుందన్నడు. దినాం ఒక రౌండు తిప్పుతున్నడంట."

ఖుద్దూస్ గుండె కాస్త తేలికపడింది. రోజూ తిప్పేవాడైతే ఉల్టా పోతోందని మొదటి రోజే గగ్గోలు పెట్టేవాడు. అంటే కట్టిన తాడు విప్పకుండానే తిప్పానని అబద్ధం చెప్పాడన్నమాట. దొంగపనిలో నాకూ ఒక తోడు దొరికాడనుకున్నాడు. అలా అనుకున్నందుకు తన మీద తనకే రోత పుట్టింది.

"పటేలా, ఒక్క మాట చెప్పాలె..." అన్నాడు, ఇక దాచుకోలేక.

అంతలో స్కూలు బస్సు వచ్చి ఆగింది. "మల్ల మాట్లాడుదాం" అంటూ శశిధర్ టీచర్లకు ఎదురు వెళ్లిపోయాడు. కక్కలేని మాటను ఖుద్దూస్ మింగేశాడు. మింగడం ఎంత సులువో కదా అని కూడా అనిపించింది.

బస్సు వెనకే ఫిలిప్ డీజిలు డబ్బాతో వచ్చాడు. మొదటి జట్టు పిల్లలు లైఫ్ జాకెట్లు వేసుకుని బోటు ఎక్కారు. రెండో జట్టు రాతిమెట్ల మీద నిలబడింది. బోటు ముక్కు ఆ మెట్లకే ఆనుకుని ఉంది, బయల్దేరాలంటే ముందు వెనక్కి పోవాల్సిందే. అన్నిటికన్నా కింది మెట్టు మీద మహీన్, బోటు ముక్కు మీద చెయ్యేసి దోస్తులకు గొప్పగా చెప్తోంది. "ఇది మా అబ్బానే మంచిగ చేసిండు."

ఖుద్దూస్ కూతురి వైపు చూడలేకపోయాడు. ఈ ఒక్క పూట గట్టెక్కించు అల్లా, సాయంత్రం పటేల్‌కు అంతా చెప్పేస్తానని మనసులోనే మొక్కుకున్నాడు. మోకాల్లోతు నీళ్లలోకి దిగి తాడు విప్పాడు. ఇంజన్ స్టార్టయింది.

ఫిలిప్ సీట్లోంచి పక్కకు వంగి, ఎవరూ వినకుండా, నవ్వుతూ అన్నాడు.

"ఖుద్దూస్ భాయ్, కేబుల్ ఉల్టా పెట్టినవ్, తెల్సా? పటేల్‌కు చెప్తే నీ ఇజ్జత్ పోతదని చెప్పలే. నాలుగు దినాల సంది ఒక్కన్నే తిప్పి తిప్పి చెయ్యికి అలవాటు చేస్కున్న. ఇగ ఫికర్ చెయ్యకు. ఎన్కకు పోవాల్నంటే గిట్ల."

ఖుద్దూస్ నోరు తెరిచేలోపే ఫిలిప్ హ్యాండిల్‌ను పూర్తిగా ముందుకు తోసేశాడు.