వదిన అదృష్టం

"నేను రక్తం ఇవ్వను. పరీక్ష చేసి ఏం చూస్తారు? మాత్రలే మానేశాను!" అంటూ టైలరమ్మ సంచీ భుజాన తగిలించుకుని కుర్చీలోంచి లేచింది.

పక్క కుర్చీలోని పెద్దమనిషి కంగారుపడ్డాడు.

"మానేశారా? డాక్టరుగారికి చెప్పారా?"

"చెబితే చీవాట్లు పెడతారు."

రొమ్ము కేన్సర్ విభాగం ముందున్న ఆ హాలు నిండా ఆడవాళ్ళే. ఆపరేషన్ అయ్యాక, జబ్బు తిరగబెట్టకుండా హార్మోన్ మాత్రలు మింగుతూ, మధ్యమధ్య వచ్చి రక్తం ఇచ్చి వెళ్ళేవాళ్ళు. వెంట వచ్చిన మొగుళ్ళు బయట మెట్ల మీద ఫోన్లలో తలలు దూర్చేస్తారు. ఈయన మాత్రం ఎప్పుడొచ్చినా లోపలే కూర్చుంటాడు.

టైలరమ్మకు మెట్ల దాకా వచ్చే దిక్కు కూడా లేదు. ఇంటికెళ్ళి తాళం తీస్తే, డాక్టరు ఏమన్నారని అడిగే నోరు లేదు.

"ఒంట్లోంచి ఆవిర్లు అన్నయ్యా! ఉన్నట్టుండి పొయ్యి మీద కూర్చోబెట్టినట్టు ఉంటుంది. రాత్రంతా నిద్ర ఉండదు. పొద్దున్నే కత్తెర పట్టుకుందామంటే వేళ్ళు మొరాయిస్తాయి. అయినా ఎవరి కోసం మింగాలి?"

"తడి తువ్వాలు తలగడ పక్కనే పెట్టుకోండి. మెడ వెనకాల వేసుకుంటే మంట దిగుతుంది. అసలు పడకపోతే వేరే మాత్ర ఇస్తారు. చెప్పకుండా మానేస్తే ఎలాగమ్మా? జబ్బు మళ్ళీ వస్తే?"

ఆమెకు చిర్రెత్తుకొచ్చింది.

"చెప్పడానికేం, ఎన్నైనా చెబుతారు. మగవాళ్ళు, మీకేం తెలుస్తుంది!"

ఆయన ముఖం మాడిపోయింది.

నోరు జారానని ఆమె నొచ్చుకుంది. "మిమ్మల్ని కాదులెండి. వదిన లోపల ఉందా?"

"ఆఁ... లోపల..." నేల చూపులు చూస్తూ అన్నాడు.

"తువ్వాలు సంగతి కూడా తెలుసంటే, రాత్రిళ్ళు పక్కనే మేలుకుని ఉంటారన్నమాట. అదృష్టమంటే వదినది! మాత్ర వేసుకున్నావా అని అడిగే మనిషి ఒక్కరుంటే నేనూ నోరుమూసుకుని మింగేదాన్ని." అంటుండగానే ఏడుపు తన్నుకొచ్చింది. ఇంట్లో ఒక్కతే ఏడ్చి అలవాటు గానీ, నలుగురిలో ఎప్పుడూ ఏడవలేదు. సిగ్గేసి గబగబా గుమ్మం వైపు నడిచింది.

"ఆగండమ్మా!"

ఆమె ఆగలేదు.

అప్పుడే రక్తం తీసే గదిలోంచి నర్సు తల బయటికి పెట్టింది. "తర్వాత ఎవరు?"

ఎవరూ కదల్లేదు. నర్సు మళ్ళీ అడిగింది.

పెద్దమనిషి లేచాడు. చొక్కా చెయ్యి మోచేతి పైదాకా మడిచాడు. హాలంతా తనవైపే చూస్తోంది. అయినా గుమ్మం దాటబోతున్న టైలరమ్మకు వినపడేలా గొంతు పెంచాడు.

"వెనక్కి రండమ్మా, ఇద్దరం కలిసే వెళదాం. లోపల వదినెవరూ లేరు... రొమ్ము కేన్సర్ వచ్చింది నాకే!"