దారిలో చెప్పాల్సిన మాట

బల్ఖాష్ సరస్సు దాటిన కాసేపటికి కారులో బ్యాటరీ గుర్తు ఎర్రగా వెలిగింది.

ఎరాసిల్ పట్టించుకోలేదు.

నాన్నకి బాగోలేదు, ఉన్నపళంగా బయల్దేరమని పొద్దున్నే అక్క గుల్బర్షిన్ ఫోన్ చేసింది. ఆమె గొంతులో ఏదో తేడా ఉంది. అతను దాన్ని వినదలుచుకోలేదు.

పోయిన వారమే నాన్న అడిగాడు, నీ కారులో నన్నోసారి కూచోబెడతావా అని. ఈసారి తప్పకుండా అన్నాడు ఎరాసిల్. అల్మాటీ నగరంలో కాపురం పెట్టినప్పటినుంచీ ఆ మాటే అంటున్నాడు, ఊరి మొహం చూసింది మాత్రం లేదు.

ముందు పాటలు ఆగిపోయాయి. తర్వాత హీటర్. తర్వాత ఎదురుగా ఉన్న తెరలన్నీ ఒక్కొక్కటే ఆరిపోయాయి.

రెప్పపాటులో వంద దాటే కారు, నడి మైదానంలో, మంచుగాలిలో, ఉసూరుమంటూ ఆగింది. దానికి అన్నీ ఉన్నాయి, ప్రాణం తప్ప.

బ్యాటరీ డిక్కీ అడుగున ఉంది. దాన్ని చేరాలంటే డిక్కీ తెరవాలి. డిక్కీ తెరుచుకోవాలంటే బ్యాటరీ పనిచెయ్యాలి. ఎరాసిల్ టైరుని ఒక్క తన్ను తన్నాడు.

ఎదురుగా వస్తున్న పాత జీపొకటి ఆగింది.

దిగిన ముసలాయన చేతి తొడుగులు తీసి, అతని చెయ్యి రెండు చేతుల్లోకి తీసుకున్నాడు. చాలాసేపు వదల్లేదు.

"కబ్దెన్ కొడుకువి కదూ?"

"అవును. మీకు తెలుసా? నాన్నకి ఎలా ఉంది?"

ముసలాయన కారు బానెట్ మీదికి వంగాడు.

"పొద్దున చూశాను నాయనా. ఇప్పుడు నొప్పేమీ లేదు."

ఎరాసిల్‌కి ప్రాణం లేచొచ్చింది. అడక్కపోయినా కారు సంగతంతా చెప్పుకొచ్చాడు, నాన్న దీన్లో ఎక్కాలని ముచ్చటపడ్డ సంగతితో సహా.

కారు ఇక్కడే వదిలేసి జీపు ఎక్కమన్నాడు ముసలాయన. ఎరాసిల్ ఒప్పుకోలేదు. నాన్న అడిగింది కారునే కదా అన్నాడు.

ముసలాయన ఏదో చెప్పబోయి, అతని మొహం చూసి, జీపు బ్యాటరీతో కలపడానికి వైర్లు తెచ్చాడు.

బానెట్ కింద వైర్లు తగిలించే చోటుందని ఎరాసిల్‌కి గుర్తొచ్చింది. తగిలించారు. చాలాసేపటికి ఇంజన్ అందుకుంది. కొంత దూరం పోయి మళ్ళీ ఆగింది. అప్పటికి అర్థమైంది, పోయింది బ్యాటరీ ఒక్కటే కాదు, దాన్ని ఎప్పటికప్పుడు నింపాల్సిన ఆల్టర్నేటరూ పోయిందని.

హీటర్ వద్దు, పాటలు వద్దు. చలికి వణుకుతూ కొంత దూరం. మళ్ళీ జీపు, మళ్ళీ వైర్లు, మళ్ళీ ఎదురుచూపు.

ఆగినప్పుడల్లా ముసలాయన దగ్గరికొచ్చి నిలబడేవాడు. గొంతు సవరించుకునేవాడు. తీరా నోరు తెరిచి, చలేస్తోందా, టీ తాగుతావా అని అడిగేవాడు. ఈ నసేమిటిరా బాబూ అనుకున్నాడు ఎరాసిల్.

ఎటో వెళ్తున్న మనిషి జీపు వెనక్కి తిప్పి తనతో ఎందుకొస్తున్నాడన్న ఆలోచనే అతనికి రాలేదు.

పొద్దు వాలుతుండగా కారు ఆఖరిసారి ఆగింది, ఊరు కనబడే మిట్ట మీద.

దిగి చూశాడు. ఇంటి పక్కన తెల్ల గుడారం వేసి ఉంది. దాని ముందు మగవాళ్ళు కర్రల మీద ఆనుకుని వరసగా నిలబడ్డారు.

శవాన్ని ఉంచడానికి తప్ప ఈ చలిలో ఇంటి పక్కన గుడారం ఎవరూ వెయ్యరు, చావింట్లో తప్ప మగవాళ్ళు అలా కర్రలకి ఆనుకుని నిలబడరు.

ఎరాసిల్‌కి దుఃఖం రావాల్సిన చోట ముందు కోపం వచ్చింది. అది పడ్డానికి అక్కడున్నది ఒక్క మనిషే.

"నీ మూలంగానే," అన్నాడు. మీరు కాస్తా నువ్వయింది. "టీ అంటావు, చలి అంటావు. నువ్వు తెమిలి ఉంటే బతికుండగా చూసుకునేవాణ్ణి."

ముసలాయన చేతిలోని వైర్లు చుట్టసాగాడు.

"నీ చేత్తో మా నాన్న మీద గుప్పెడు మట్టి కూడా వెయ్యకు."

ముసలాయన తల వంచుకున్నాడు.

"సరే నాయనా."

మర్నాడు ఖననానికి ఊళ్ళో మగవాళ్ళంతా వచ్చారు. తలా గుప్పెడు మట్టి వేశారు. ముసలాయన సమాధుల గోడకి అవతలే నిలబడ్డాడు. ఎవరో లోపలికి పిలిస్తే తల అడ్డంగా ఊపాడు. ఎరాసిల్ చూశాడు, చూడనట్టు ఊరుకున్నాడు.

గోతి పూడ్చేశాక జీపు వెళ్ళిపోయిన చప్పుడు వినిపించింది.

ఇంటికి రాగానే అక్క వాకిట్లోకి చూస్తూ అడిగింది, ఎరాసిల్ ఊరొదిలాక పక్కింట్లో చేరిన సగిందిక్ తాతని భోజనానికి తీసుకురాలేదేమని.

"ఎవరూ, ఆ జీపాయనా? సమాధి దగ్గరికే రావొద్దన్నాను. ఆయన వల్లే కదా నాన్నని ఆఖరిచూపు చూసుకోలేకపోయింది."

గుల్బర్షిన్ చేతిలో గిన్నె కింద పెట్టేసింది.

"నేను నీకు ఫోన్ చేసేసరికే నాన్న పోయాడురా. అలాంటి మాట మనవాళ్ళు ఫోన్లో చెప్పరని నీకు తెలీదా? ఒంటరిగా వస్తుంటాడు, ఎదురెళ్ళి పక్కన కూచోబెట్టుకుని నేను చెబుతానని బయల్దేరాడు తాత. నీకు చెప్పలేదా?"

ఎరాసిల్ గుమ్మం పట్టుకున్నాడు. ఒక్క మాట అని ఉంటే ఆ నింద పోయేది. ఆ మాట తనకి చెప్పడానికి మనసొప్పకే నింద మోశాడు ఆ ముసలాయన.

"ఆయన చేత్తో మట్టి వెయ్యొద్దన్నానక్కా," అన్నాడు.

అక్క మెల్లగా అంది.

"నాన్న కళ్ళు మూసింది ఆ చేతులేరా, తమ్ముడూ."