కార్డు లేదంటోంది

“న... న... నమ...”

“హలో! హలో! లైను తెగుతోంది,” అంటూ అవతలివాళ్ళు ఫోన్ పెట్టేశారు.

పొద్దుట్నుంచీ ఇది మూడోసారి. నమస్కారం దగ్గరే బండి ఆగిపోతోంది. కొత్తమ్మాయి హెడ్‌ఫోను సర్దుకుని, బల్ల మీదున్న చీటీని మళ్ళీ చదువుకుంది. ‘సాయంత్రం ఐదింటికి నా గదికి రండి. మేనేజర్.’

జేబులో పట్టే మ్యూజిక్ ప్లేయర్లు అమ్మే కంపెనీ అది. అవి మొరాయిస్తే ఫోన్లో సలహా చెప్పడం ఆ గదిలోవాళ్ళ పని. పని చూసి ఖాయం చేస్తామని ఆమెకిచ్చిన నెల రోజుల గడువు ఇవాళ్టితో సరి.

“చీటీ చూసి బెంగపడకు,” అంది పక్కసీటు అక్క. “ఆయనకి అందరితోనూ చీటీలే. నోరు తెరిస్తే ముత్యాలు రాలిపోతాయి మరి! మీటింగులో కూడా ఆయన రాసిస్తే అసిస్టెంటు చదవాలి. ఆరేళ్ళయింది, ఆయన గొంతెలా ఉంటుందో నాకే తెలీదు.”

రాతపరీక్ష ఒక్కటే పెట్టి ఉద్యోగమిచ్చారు కాబట్టి ఇక్కడిదాకా రాగలిగింది. “మాట తడబడే పిల్లకి ఫోన్లో ఉద్యోగమా!” అని బావ పగలబడి నవ్వాడు. చిన్నప్పట్నుంచీ ఎవరు ఆమె పేరడిగినా అమ్మే చెప్పేసేది. ప్రేమతోనే, కాదనలేం. కానీ ఆ ప్రేమకే ఆమెకు ఊపిరాడేది కాదు. ఈ ఉద్యోగం పోతే మళ్ళీ వెళ్ళి అమ్మ వెనకాల నిలబడాలి.

ఫోన్ మోగింది.

“పా-ట-లు రా-వ-డం లే-ద-మ్మా-యీ.”

పెద్దాయన గొంతు. ఒక్కో అక్షరాన్నీ విడదీసి పలుకుతున్నాడు. అక్షరం అక్షరానికీ వెనకాల టక్ మని చప్పుడు. తనకు చెవుడనుకుంటున్నాడేమోనని ఆమెకు ఒళ్ళు మండింది.

“తె... తెర మీద ఏమని వ... వస్తోందండీ?”

“కా-ర్డు లే-దం-టోం-ది. పె-ట్టా-ను-గా!”

“కార్డు బ... బల్లకేసి కొడుతున్నారా?”

“అది నా వేలు. తాళం వేస్తున్నా.” ఇదీ అదే వరసలో, అక్షరానికో టక్‌తో చెప్పాడు. చివరిదాకా ఆయన మాట అంతే.

“స... సంగీతం మాస్టారా మీరు?”

“అలాంటిదే అనుకో. తొందరేం లేదు. నిదానంగా చెప్పు.”

తొందరేం లేదని ఇన్నేళ్ళలో ఆమెతో ఒక్కరూ అనలేదు.

పాటలుండే మెమరీ కార్డు బయటికి తీయించి, దాని మీది బంగారు రంగు గీతల్ని మెత్తటి గుడ్డతో తుడిపించింది. ఫలితం లేదు. కార్డు ఎన్ని జీబీలదని అడిగితే కొత్తది, చాలా పెద్దదన్నాడు. అప్పుడు వెలిగింది ఆమెకు. ప్లేయరేమో పాతది. అంత పెద్ద కార్డును గుర్తుపట్టడం దానికి రాదు. నేర్పాలి.

“దాని లో... లోపలి ప్రోగ్రాం మార్చాలండీ.”

“దానికో పేరుండాలే?”

ఉంది. ఫర్మ్‌వేర్. కానీ ‘ఫ’ ఆమెకు బద్ధశత్రువు. నెల్లాళ్ళుగా ఆ మాట రాకుండా ఏవేవో చెప్పి గట్టెక్కుతోంది.

“ఫ... ఫ...”

ఆయన మాట అందించలేదు. ఫోన్ పెట్టేయనూ లేదు. టక్, టక్ మని వేలు మాత్రం ఆడుతూనే ఉంది. ఆ చప్పుడు మీద అడుగేసినట్టు ఆమె నాలుక కదిలింది.

“ఫర్మ్. వేర్.”

“ఇంకోసారి చెప్పు. నాకు మతిమరుపు.”

“ఫర్మ్. వేర్. ఫర్మ్‌వేర్!”

ఏడుపూ నవ్వూ కలిసొచ్చాయి ఆమెకు. రెండూ దిగమింగి పనిలో పడింది.

“చిన్న కార్డేదైనా ఉందా మాస్టారూ?”

“ఉంది.”

“పక్కన కంప్యూటర్?”

“అదీ ఉంది.” అడగడమే ఆలస్యం, అన్నీ ఆయన చేతికందుతున్నాయి.

“మా సైటులోంచి కొత్త ఫర్మ్‌వేర్ దించుకుని చిన్న కార్డులో పెట్టండి. దాన్ని ప్లేయర్లో వేసి ఆన్ చేయండి.”

కాసేపటికి, “ఏమీ కాలేదే!” అన్నాడు.

“ఫైలు ఎక్కడ పెట్టారు?”

“పాటల ఫోల్డర్లో.”

“అయ్యో మాస్టారూ! ఫోల్డర్లో దాచేస్తే అది వెతుక్కోలేదండీ, దానికంత తెలివి లేదు. అన్నిటికంటే బయట పెట్టాలి, గుమ్మంలో పెట్టినట్టు.”

“తిట్టకు తల్లీ, మార్చాను. ఆఁ, ఏదో గీత నిండుతోంది.”

“నిండేదాకా ముట్టుకోకండి. మధ్యలో ఆపితే ప్లేయర్ మీద ఆశ వదులుకోవాల్సిందే. నిండిందా? ఇప్పుడు పెద్ద కార్డు వేయండి.”

పక్కసీటు అక్క నోరెళ్ళబెట్టి ఆమెనే చూస్తోంది. ఎందుకో మొదట అర్థం కాలేదు. ఆ తర్వాత తెలిసింది, చాలాసేపట్నుంచీ తను ఎక్కడా ఆగలేదని. తన వేలు కూడా బల్ల మీద ఆడుతోందని.

హెడ్‌ఫోన్లో వేణువు వినిపించింది.

“వచ్చిందమ్మాయీ!” అన్నాడు పెద్దాయన. లైను కట్టయింది.

ఐదింటికి ఆమె మేనేజర్ గది తలుపు తట్టింది. నెరిసిన జుట్టు, దించిన తల. ఆయన ఓ కవరు ముందుకు తోశాడు. విప్పింది. ఉద్యోగం ఖాయం చేసిన కాగితం!

“థాం... థాంక్స్ సార్.” అయినా దాచబుద్ధి కాలేదు. “కానీ పొ... పొద్దున ముగ్గురు ఫోన్ పెట్టేశారు సార్. మీకు తెలుసా?”

తెలుసన్నట్టు తలూపాడు. అలవాటుగా చీటీల కట్ట వైపు చెయ్యి చాచి, ఏమనుకున్నాడో, వెనక్కి తీసుకున్నాడు. నోరు తెరిచాడు. పెదవులు బిగుసుకున్నాయి, మెడ మీద నరం ఉబ్బింది, మాట మాత్రం బయటికి రాలేదు. ఆమె ఊపిరి బిగబట్టి అలాగే నిలబడింది.

ఆయన చూపుడువేలు బల్ల మీద టక్, టక్ మని తాళం వేయసాగింది.