మూత పెట్టిన విమానం

నాన్న పోయిన నెలకి, ఆయన ముప్పై ఏళ్లు బీరువాలో తాళం వేసి దాచిన ముక్కలు అంటించి చేసుకునే రెజిన్ బొమ్మ విమానం కిట్‌ను అన్నదమ్ములిద్దరూ బయటికి తీశారు.

“మనల్ని ముట్టుకోనిచ్చారా? ‘మీ చేతులు పడితే నాశనమే’ అనేవారు,” అన్నాడు అన్న.

తమ్ముడు పెట్టె మూత తీసి, లోపలున్నది వెలుగులోకి ఎత్తి చూశాడు.

“అన్నయ్యా, ఇది కొత్తది కాదు. రెక్కలు తిరగేసి అంటించేశారు. తోక విరిగింది. అద్దం మీదంతా జిగురు, దానిమీద బొటనవేలి ముద్ర.”

ఆ వేలు ఎవరిదో అడగక్కర్లేదు. ఇద్దరూ గుమ్మంలో ఉన్న అమ్మవైపు తిరిగారు.

“నీకు తెలుసా?”

“తెలుసు. కొన్న రోజే పాడుచేసుకుని, గప్‌చుప్‌గా మూత పెట్టేశారు.”

అన్న నవ్వబోయి ఆగాడు. “నాన్న అప్పుడే చూపించి ఉంటే, ఆయనంటే మాకంత భయం ఉండేది కాదు కదమ్మా!”

“అందుకేరా చూపించలేదు,” అంది అమ్మ.